కరెంటుకి 96, కడుపుకి 52

మన దేశానికి 100కి 71 మార్కులొచ్చాయి. వేసింది నీతి ఆయోగ్, 2024 జులైలో, సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్ని (ఎస్‌డీజీలు) ఎంతవరకు అందుకున్నామో చూసే ఎస్‌డీజీ ఇండియా ఇండెక్స్ అనే రిపోర్టులో. 2018లో ఈ రిపోర్టు మొదటిసారి తీసినప్పుడు 57, తర్వాత 60, ఆ తర్వాత 66, ఇప్పుడు 71. రిపోర్టు వచ్చిన రోజు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రచ్చ రచ్చ, ఎందుకంటే మాలో సగం మంది గుంటూరు విజయవాడ వైపు, సగం మంది నల్గొండ హైదరాబాద్ వైపు, ఆంధ్రా గొప్పా తెలంగాణ గొప్పా అని మొదలైంది, తీరా చూస్తే రెండిటికీ 74. అక్కడితో ఆగిందనుకుంటున్నారేమో, లేదు, మా బాబాయ్ "మరి కేరళకి 79 ఎలా వచ్చిందిరా, అక్కడ ఏం ఫ్యాక్టరీలున్నాయని" అంటూ ఇంకోటి అందుకున్నాడు.

సరే అని నేను ఆ పీడీఎఫ్ దింపుకుని కూర్చున్నా. మొత్తం స్కోరు పక్కన పెట్టి సబ్జెక్టు వారీగా చూస్తే గానీ అసలు సంగతి తెలీలేదు. అందరికీ కరెంటు, వంటగ్యాసు లాంటివి చూసే 7వ లక్ష్యానికి 96. నీళ్ళు, మరుగుదొడ్లు చూసే 6వ లక్ష్యానికి 89. ఆకలి, పోషణ చూసే 2వ లక్ష్యానికి 52. ఆడవాళ్ళ సమానత్వం, 5వ లక్ష్యం, దానికి 49, మార్కులు వేసిన పదహారింటిలో 50 దాటనిది అదొక్కటే. లెక్కల్లో 96 తెచ్చుకుని తెలుగులో 49 తెచ్చుకున్న పిల్లాడికి "యావరేజ్ 71, ఫస్ట్ క్లాస్" అని ప్రోగ్రెస్ కార్డు మీద రాసిచ్చినట్టుంది వ్యవహారం.

తెలీని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 2000 సెప్టెంబర్లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కూర్చుని 2015 కల్లా చేయాల్సినవని 8 లక్ష్యాలు పెట్టుకున్నాయి, పేదరికం సగానికి తగ్గించాలి, పిల్లల చావులు మూడింట రెండొంతులు తగ్గించాలి ఇలాంటివి. పేదరికం సంగతిలో మనం గట్టెక్కాం. పిల్లల చావుల్లో కొద్దిలో పోయింది, 1990లో మన దగ్గర పుట్టిన వెయ్యి మందిలో 126 మంది అయిదేళ్ళు నిండకుండానే పోయేవాళ్ళు, దాన్ని 42కి తేవాలనుకుంటే 2015 నాటికి 48 దగ్గర ఉన్నాం. మరుగుదొడ్ల సంగతి అప్పట్లో మాట్లాడుకోకపోవడమే మంచిది. ఆ గడువు అయిపోయాక 2015 సెప్టెంబర్ 25న ఈసారి 17 లక్ష్యాలు, వాటి కింద 169 టార్గెట్లు, 2030 గడువు. వీటినే ఎస్‌డీజీలు అంటున్నారు, సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు. మార్కులు వేసే పద్ధతి కూడా సింపులే, ఒక్కో అంశానికి 2030లో ఎక్కడుండాలో దాన్ని 100 అనుకుంటారు, అందరికన్నా అధ్వాన్నం సున్నా అనుకుంటారు, మధ్యలో మనం ఎక్కడున్నామో చూసి మార్కు వేస్తారు, అన్నీ కూడి భాగిస్తారు. ఈసారి ఇలాంటి అంశాలు 113 తీసుకున్నారు.

ఇక్కడే నాకు తిరకాసు కనపడింది. ఆ లిస్టు పట్టుకుని ఒక్కోటీ చూస్తా పోతే ఎక్కువ మార్కులొచ్చినవన్నీ ఏంటంటే టెండర్ పిలిచి, కాంట్రాక్టు ఇచ్చి, బిల్లు పెట్టి, ఫోటో తీసి అప్‌లోడ్ చేయగలిగిన పనులు. స్తంభం వేశారా, వేశారు. కనెక్షన్ ఇచ్చారా, ఇచ్చారు. దొడ్డి కట్టారా, కట్టారు. తక్కువ మార్కులొచ్చినవి ఏంటంటే మనిషి ఒంట్లో జరగాల్సినవి, ఇంట్లో జరగాల్సినవి. పిల్లాడు ఎత్తు పెరిగాడా, తల్లికి రక్తం పట్టిందా, పొలం ఆవిడ పేరు మీద ఉందా. వీటికి బిల్లు పెట్టడానికి కుదరదు మరి.

బిల్లు పెట్టే పనులు చిన్నవని నా ఉద్దేశం కాదండోయ్. మా ఊరు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, వంకర కాళ్ళతో, గట్టిపడిపోయిన నడుముతో మంచానికే పరిమితమైన వాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగాం, నా వయసు వాళ్ళకే పళ్ళ మీద గోధుమ రంగు చారలు. అసలు దేశంలో ఈ జబ్బుని మొదట రికార్డు చేసిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే తెలిసి ఎన్నేళ్ళయిందో లెక్కేసుకోండి. బోరు నీళ్ళే దిక్కు, ఆ నీళ్ళలోనే విషం. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ మొదలుపెట్టాక పైపుల్లో కృష్ణా నీళ్ళు ఇంటిదాకా వచ్చాయి. వంగిపోయిన ఎముక మళ్ళీ తిన్నగా అవ్వదు, ఆ తరానికి జరిగిన నష్టం జరిగిపోయింది, కానీ ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు చూస్తే తేడా తెలుస్తుంది. భగీరథలో ఎంత తిన్నారు, ఎంత అప్పు తెచ్చారు అని ఎవరైనా కొట్లాడుకోవచ్చు, నేనూ ఆ కొట్లాటకి రెడీ, కానీ నల్లా నీళ్ళు పనికిరాని ఖర్చు అంటే మాత్రం మా ఊళ్ళో తంతారు.

దేశం మొత్తం మీద చూసినా అంతే. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ మొదలైనప్పుడు ఊళ్ళల్లో నల్లా ఉన్న ఇళ్ళు 17 శాతం, ఇప్పుడు ప్రభుత్వ లెక్కలో 80 శాతం దగ్గర. 2024కల్లా అందరికీ అన్నారు, అవ్వలేదు, గడువు 2028కి జరిపారు. అయినా ఇన్ని కోట్ల ఇళ్ళకి అయిదారేళ్ళలో పైపు లాగడం మామూలు విషయమైతే కాదు.

గ్యాస్ సంగతి చూస్తే కొంచెం తిరకాసు ఎక్కువ. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, 1999లోనే ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్ళకి కనెక్షన్లు ఇచ్చారు. కేంద్రం 2016 మే 1న యూపీలో బలియాలో ఉజ్వల మొదలుపెట్టింది, ఇప్పటికి 10 కోట్ల పైనే కనెక్షన్లు. కనెక్షన్ లెక్క చూస్తే 7వ లక్ష్యం దాదాపు అయిపోయినట్టే, 96 మార్కులు దానికే. కానీ ఉజ్వల ఇల్లు ఏడాదికి సగటున వాడిన సిలిండర్లు 2024-25లో కూడా నాలుగున్నర లోపే, 2019-20లో అయితే మూడే. నలుగురున్న ఇంట్లో నాలుగు సిలిండర్లు ఏడాదంతా ఎలా వస్తాయో వంట చేసేవాళ్ళనే అడగండి, మిగతా రోజులన్నీ కట్టెల పొయ్యే కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) వాళ్ళు 2019-21లో ఇంటింటికీ తిరిగి "మీరు ముఖ్యంగా దేని మీద వండుతారు" అని అడిగితే గ్యాస్ లాంటి పొగలేని వాటి మీద వండేవాళ్ళు 58.6 శాతమే తేలారు. మన రెండు రాష్ట్రాల్లో ఇది చాలా నయం, తెలంగాణలో 90 దాటింది, ఆంధ్రాలో 80 దాటింది. ఈ మధ్య ప్రభుత్వాలకి కూడా అర్థమైనట్టుంది, ఆంధ్రాలో దీపం 2 అని 2024 నవంబర్ నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, ఇక్కడ తెలంగాణలో 500కే సిలిండర్. ఓట్ల కోసమే అనుకోండి, అయినా సిలిండర్ ఇవ్వడం దగ్గర్నుంచి అది మళ్ళీ నింపించుకునే డబ్బు గురించి ఆలోచించడానికి మనకి పాతికేళ్ళు పట్టింది.

బాలింతల చావులు. దీంట్లో మాత్రం మనం నిజంగా గర్వపడొచ్చు. లక్ష కాన్పులకి ఎంతమంది తల్లులు చనిపోతున్నారు అనేది లెక్క, 1990లో మన దేశంలో 550 పైన ఉండేది, 2014-16కి 130, 2018-20కి 97, 2019-21కి 93. 2030కి 70 లోపు రావాలి. కేరళ, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రా, తమిళనాడు ఇవన్నీ ఎప్పుడో ఆ గీత దాటేశాయి, 2018-20లో తెలంగాణ 43, ఆంధ్రా 45, కేరళ 19. అదే అస్సాంలో 195. ఒకే దేశం, ఒకే జెండా, కాన్పు ఎక్కడయిందన్న దాన్ని బట్టి ప్రాణం మీదికొచ్చే అవకాశం పదింతలు తేడా.

ఇది ఎలా తగ్గిందంటే ఏ ఒక్కదాని వల్లో కాదు, 2005లో ఆస్పత్రిలో కంటే డబ్బులిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది, ఆశా వర్కర్లు వచ్చారు, అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి, తర్వాత అది చాలా రాష్ట్రాలకి పాకింది, 2017లో ఇక్కడ కేసీఆర్ కిట్ వచ్చింది, మగపిల్లాడైతే 12 వేలు ఆడపిల్లైతే 13 వేలు, దాంతో సర్కారు దవాఖానా అంటే మొహం తిప్పుకునే వాళ్ళు కూడా వెళ్ళడం మొదలుపెట్టారు. 2005-06లో దేశంలో ఆస్పత్రి కాన్పులు 38.7 శాతం, 2019-21కి 88.6. మా నానమ్మకి కాన్పులన్నీ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. ఎంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అని అడిగితే రెండు వేరు వేరు నంబర్లు చెప్పేది. ఇప్పుడు ఆ ప్రశ్న అడగాల్సిన పని లేదు. అంటే మైదానం ఊళ్ళ సంగతి చెప్తున్నా, అల్లూరి జిల్లా ఏజెన్సీలో గర్భిణిని డోలీ కట్టి కొండ దించే వార్త ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంటుంది.

కానీ ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్ళడం అనేదే టార్గెట్ అయిపోయాక అక్కడ ఏం జరుగుతుందో ఎవరికీ పట్టలేదు. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ కోతలే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ లెక్క, ప్రైవేటులో అయితే 81 శాతం పైనే, కరీంనగర్ జిల్లాలో మొత్తం కాన్పుల్లోనే 80 దాటింది. దేశం సగటు 21.5. అవసరమైన కోతలు 10 నుంచి 15 శాతం ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఎప్పుడో 1985లో చెప్పింది. పంతులుగారు ముహూర్తం పెట్టడం, డాక్టరుగారికి ఆ టైము కుదరడం, ఇంట్లోవాళ్ళు "నొప్పులెందుకులే అమ్మా" అనడం, అన్నీ కలిసొస్తాయి. స్కోరు కార్డులో ఇదంతా "ఆస్పత్రి కాన్పు" అనే ఒక్క టిక్కు కిందకే వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, రక్తహీనత. ఇంత నీళ్ళొచ్చి, ఇంత గ్యాసొచ్చి, ఇన్ని కాన్పులు ఆస్పత్రిలో అయ్యి, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తం తక్కువున్నవాళ్ళు 2015-16లో 53 శాతం ఉంటే 2019-21కి 57 అయ్యారు. పెరిగారు! అయిదేళ్ళ లోపు పిల్లల్లో 58.6 నుంచి 67కి. తెలంగాణ ఆడవాళ్ళలో 57.6, ఆంధ్రాలో 58.8, అంటే మనకి వచ్చిన ఆ 74 మార్కులు ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు. ఇంకో నంబరు చెప్తా, ఆ సర్వేలోనే మగవాళ్ళలో రక్తహీనత 25 శాతం. అదే ఇల్లు, అదే బియ్యం, అదే కూర. ఆడవాళ్ళకి నెలనెలా రక్తం పోతుంది, కాన్పుల్లో పోతుంది, ఒప్పుకుంటా, కానీ పోయినదాన్ని భర్తీ చేసే తిండి ఎవరి కంచంలోకి వెళ్తోంది అనేది కూడా ఉంది కదా. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే అమ్మ తిండి అనేది మనలో చాలామంది ఇళ్ళల్లో చూసిందే. పైగా అన్నమే ఎక్కువ, కూర కొంచెం, తిన్న వెంటనే టీ, ఆ టీ ఉన్న కాస్త ఐరన్‌ని కూడా ఒంట్లోకి పోనివ్వదు.

దీని మీద పెద్ద గొడవే ఉంది శాస్త్రవేత్తల్లో. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ వాళ్ళు వేలు గుచ్చి చుక్క రక్తం తీస్తారు, అలా తీస్తే సరైన రీడింగ్ రాదు, నరంలోంచి తీయాలి అంటారు కొందరు. 2016-18లో పిల్లల మీద ఇంకో జాతీయ సర్వే జరిగింది, దాంట్లో నరంలోంచి తీశారు, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 40.5 శాతమే వచ్చింది. అందుకని ఆ తర్వాతి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ నుంచి రక్త పరీక్షే తీసేసి, ఆ పని మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకి వేరే సర్వేగా అప్పజెప్పారు. సరైన పద్ధతిలో కొలవడం మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ కొలత మారితే పాత నంబర్లతో పోల్చడం కుదరదు, సరిగ్గా చెడుగా కనపడుతున్న చోటే ఆ గొలుసు తెగిపోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఇంకా, ఆ 40 శాతాన్నే నిజమనుకున్నా, 40 దాటితే తీవ్రమైన ప్రజారోగ్య సమస్య అనేది డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన గీత.

మా వదిన మా ఊరికి దగ్గర్లోనే అంగన్‌వాడీ టీచర్. ఈ నంబర్లన్నీ చెప్పి ఐరన్ గోలీలు మీరే ఇస్తారు కదా మరి ఎందుకు తగ్గట్లేదు అనడిగితే ఆవిడ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. "ఇస్తమయ్యా, ఇయ్యక ఏం జేస్తం. ఏసుకుంటె కడుపుల తిప్పుతది, దొడ్డికి నల్లగ వస్తది, ఇగ భయపడి సంచిల పడేస్తరు. అత్తలేమో గోలీలు మింగితె పిల్ల పెద్దగయి కాన్పు కష్టమయితది అంటరు. నేను మింగిందా లేదా అని ఇంటింటికి పొయ్యి నోరు తెరిసి సూడాల్నా?" సర్వేలో కూడా అదే ఉంది, కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకున్నవాళ్ళు దేశంలో 26 శాతం. పంచినవెన్ని అనే లెక్క రిజిస్టర్లో ఉంటుంది, మింగినవెన్ని అనేది ఆ సంచికే తెలియాలి.

ఆరోగ్యలక్ష్మి గురించి కూడా చెప్పింది. 2015 జనవరి నుంచి తెలంగాణలో గర్భిణులకి, బాలింతలకి రోజూ ఒక పూట అంగన్‌వాడీలోనే భోజనం, గుడ్డు, 200 ఎంఎల్ పాలు. ఇంటికిస్తే ఇంట్లో అందరూ పంచుకుంటారు కాబట్టి అక్కడే కూర్చుని తినాలి అని పెట్టారు, ఆలోచన చాలా మంచిది, నిజంగా ఎవరో ఇంట్లో సంగతి తెలిసినవాళ్ళు పెట్టిన రూలు. కానీ "నాట్ల టైమ్ల, పత్తి ఏరే టైమ్ల కూలికి పొయ్యేటోళ్ళు పగటీలి సెంటర్‌కి ఎట్లొస్తరు, ఆరు నెల్ల కడుపుతోని గూడ పోతరు" అంది వదిన. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే రాలేరన్న మాట. ఇంకా యాప్ గోల వేరే, పిల్లల ఎత్తు బరువు ఎక్కించాలి, ఇంటికిచ్చే సరుకులకి ముఖం స్కాన్ చెయ్యాలి, సిగ్నల్ ఉండదు, ఫోను వేడెక్కుతుంది. "ఎత్తు బరువు ఎక్కియ్యనీకే సగం పొద్దు పోతది, ఇగ పిల్లగాన్ని ఎప్పుడు సూడాలె" అని ఆవిడ గొడవ.

బియ్యంలోనే ఐరన్ కలిపేద్దాం అని కేంద్రం ఇంకో దారి పట్టింది, ఫోర్టిఫైడ్ బియ్యం, 2024 మార్చికల్లా రేషన్ షాపుల్లో అంతా ఇదే అయింది. ఊళ్ళల్లో ఏమైందో మీకూ తెలిసే ఉంటుంది, ఆ గింజలు నీళ్ళలో తేలుతుంటే ప్లాస్టిక్ బియ్యం ఇస్తున్నారని ఏరి పారేసినవాళ్ళే ఎక్కువ. చెప్పి ఇవ్వాలి కదా ముందు. అసలు దొడ్డు బియ్యం తినేవాళ్ళెవరు, సగం ఇళ్ళల్లో అది దోసె పిండికో, కోళ్ళకో, లేదంటే ఆటోలో వచ్చి కొనుక్కుపోయే వాడికో. అలా పోయిన బియ్యమే ఎక్కడికి తేలుతుందో కాకినాడ పోర్టులో 2024 నవంబర్లో "సీజ్ ద షిప్" అని పవన్ కల్యాణ్ గారు పడవెక్కినప్పుడు దేశమంతా చూసింది. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు, పొలిటికల్‌గా ఎవరేమన్నా నా ఓటు దానికే, ఎందుకంటే ఇచ్చిన బియ్యం కనీసం ఆ ఇంటి కుండలోకి వెళ్తోంది. కాకపోతే అన్నం పెరిగితే రక్తం పట్టదు, పప్పు, గుడ్డు, ఆకుకూర, మాంసం పెరగాలి, వాటి ధరలు చూశారు కదా. ఆరు నెల్ల నుంచి రెండేళ్ళ మధ్య పిల్లల్లో సరిపడా, రకరకాలుగా తిండి అందుతున్నవాళ్ళు దేశంలో 11 శాతమే. నూటికి పదకొండు మంది! అందుకే వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లలు ఇంకా 35.5 శాతం ఉన్నారు. 2005-06లో 48 ఉండేది, 2015-16కి 38.4కి వచ్చింది, అంటే మొదటి పదేళ్ళలో పది పాయింట్లు తగ్గి తర్వాత నత్తనడక. పక్కన బంగ్లాదేశ్ 2022లో 24 శాతానికి తెచ్చుకుంది, వాళ్ళేం మనకన్నా డబ్బున్నవాళ్ళు కాదు.

పేదరికం లెక్కలో కూడా ఈ సంగతే కనపడుతుంది నాకు. తొమ్మిదేళ్ళలో 24.82 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారు అని 2024 జనవరిలో నీతి ఆయోగ్ పేపర్ వేసింది, 29 శాతం నుంచి 11కి. ఇది డబ్బు చూసి చెప్పిన లెక్క కాదు, ఇంట్లో ఏమేం లేవో చూసి చెప్పే లెక్క, మొత్తం 12 అంశాలు, అందులో కరెంటు, మరుగుదొడ్డి, గ్యాస్, నల్లా, బ్యాంకు ఖాతా, ఇల్లు ఇవన్నీ ఉంటాయి. పైగా చివరి సంవత్సరం అంకె సర్వే చేసి తీసింది కాదు, పాత రెండు సర్వేల మధ్య ఎంత స్పీడుగా తగ్గిందో చూసి అదే స్పీడు ముందుకి లాగారు, మధ్యలో కరోనా వచ్చి ఎంతమంది నడుచుకుంటూ ఊళ్ళకి పోయారో ఆ స్పీడుకి తెలీదు. అయినా నేను దీన్ని అబద్ధం అనను. జీరో బ్యాలెన్స్ ఖాతా, దొడ్డి, బల్బు ఉన్న ఇల్లు, అవేవీ లేని ఇంటికన్నా ఖచ్చితంగా నయమే.

5వ లక్ష్యం, ఆ 49 మార్కుల సబ్జెక్టు. దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ళ పేరు మీదున్నవి 14 శాతం లోపే. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరో మనందరికీ తెలుసు. 2024లో లోక్‌సభకి గెలిచిన ఆడవాళ్ళు 543లో 74. మహిళా రిజర్వేషన్ బిల్లు 2023లో పాసైంది, స్వీట్లు పంచుకున్నారు, కానీ జనాభా లెక్కలయ్యాక, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అమలు అని అందులోనే రాసిపెట్టారు. పనికెళ్ళే లేదా పని వెతుక్కునే ఆడవాళ్ళు 2017-18లో 23 శాతం ఉంటే 2023-24కి 41.7 అయ్యారు, ఇది చూసి మొదట నేనూ సంతోషపడ్డా, వివరాల్లోకి వెళ్తే అందులో పెద్ద ముక్క ఇంటి పొలంలోనో ఇంటి కొట్లోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళు. ఇంకా ఆంధ్రాలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది, దేశం సగటు 23. అమెరికాకి అందరికన్నా ముందు పిల్లల్ని పంపే రాష్ట్రం మనదే అని చెప్పుకుంటాం కదా, ఇది కూడా మనమే. చిన్న వయసులో పెళ్ళి, వెంటనే కడుపు, రక్తం తక్కువున్న తల్లికి బరువు తక్కువ బిడ్డ, అంటే 2వ లక్ష్యానికి 52 రావడానికి కారణం 5వ లక్ష్యం 49లోనే ఉందని నాకనిపిస్తుంది. వీటిని వేరు వేరు సబ్జెక్టులుగా చూసినంత కాలం గుడ్లు పంచుతూనే ఉంటాం.

మిగతావి గబగబా చెప్పేస్తా. టీబీని ప్రపంచం కన్నా అయిదేళ్ళ ముందే 2025కల్లా లేకుండా చేస్తాం అన్నాం, కొత్త కేసులు 2015లో లక్షకి 237 ఉంటే 2024కి 187కి తగ్గాయి, తగ్గడం బాగానే తగ్గింది, లేకుండా మాత్రం పోలేదు. సోలార్, గాలి, నీటి కరెంటు వగైరా బొగ్గుతో సంబంధం లేని ప్లాంట్ల సామర్థ్యం 2025 జూన్‌కే సగానికి చేరింది, 2030 టార్గెట్ అయిదేళ్ళ ముందే అందుకున్నాం, ఇది నిజంగా పెద్ద విషయం, కాకపోతే సామర్థ్యం సగం అన్నంత మాత్రాన కరెంటు సగం రాదు, రాత్రి మన ఏసీ నడిచేది ఇంకా బొగ్గు మీదే. ఈ లక్ష్యాల మీద దేశాలకిచ్చే అంతర్జాతీయ ర్యాంకుల్లో 2025లో 167 దేశాల్లో 99వ స్థానం, మొదటిసారి వందలోపు వచ్చాం. ప్రపంచం మొత్తం కూడా ఏం గొప్పగా లేదులెండి, టార్గెట్లలో 17 శాతమే దారిలో ఉన్నాయని 2024లో ఐక్యరాజ్యసమితే చెప్పుకుంది.

ఈ మధ్య ఈ మార్కులు ఊరి దాకా దిగాయి. 2025 ఏప్రిల్‌లో పంచాయతీలకి కూడా ఇలాంటి ఇండెక్స్ ఇచ్చారు, రెండు లక్షల పైన పంచాయతీల్లో ఫ్రంట్ రన్నర్లు అనే రెండో మెట్టులో ఉన్నవి 699, అందులో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270, మూడో స్థానంలో త్రిపుర 42తో ఎక్కడో ఉంది. పై మెట్టు అచీవర్ అనేది ఒక్క ఊరికి కూడా రాలేదు. ఐడియాగా నాకు ఇది నచ్చింది, ఢిల్లీలో 71 అనే అంకెని నేనూ మీరూ ఏం చేసుకుంటాం, మన ఊరి మార్కు అయితే సర్పంచ్‌ని నిలబెట్టి అడగొచ్చు. సర్పంచ్ ఆడమనిషి అయితే వాళ్ళాయన జవాబు చెప్తాడు, అది వేరే సంగతి. కానీ ఆ డేటా నింపేది కూడా పంచాయతీ సెక్రటరీనే, మొక్కల లెక్క, నల్లా బిల్లు లెక్క, ఉపాధి హామీ లెక్క అన్నీ చూసుకుంటూ మధ్యలో ఇదీ. తన పేపరు తనే దిద్దుకునే పరీక్ష ఇది, కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఉండదా మరి.

ఇంకొకటి కూడా ఉంది, మనం చెప్పుకునే చాలా శాతాలకి కింద భాగించే జనాభా 2011 నాటిది, లేదా దాన్నుంచి అంచనా వేసింది. 2021లో జరగాల్సిన జనగణన కరోనా పేరుతో ఆగి, వాయిదా పడి పడి, 2027 మార్చి 1 తేదీ లెక్కగా జరగాలని ఖరారైంది. రేషన్ కార్డులు ఎన్నివ్వాలి అనేది కూడా 2011 జనాభా మీదే నడుస్తోంది, ఆ తర్వాత పుట్టినవాళ్ళు, ఊరు వదిలి సూరత్, ముంబై, హైదరాబాద్ బస్తీలకి వలస పోయినవాళ్ళు చాలామంది ఆ లెక్కలో లేరు. కొత్త జనాభా వచ్చాక ఎన్ని ఇళ్ళకి నల్లా, ఎన్ని ఇళ్ళకి గ్యాస్ అనేవి మళ్ళీ లెక్కేస్తే ఆ 89, 96 మార్కులు కొంచెం కిందికి దిగొచ్చని నా అనుమానం. దిగితే అప్పుడు మా గ్రూపులో మళ్ళీ ఆంధ్రా తెలంగాణ పంచాయితీ ఎలాగూ తప్పదు, అప్పటిదాకా కేరళకి 79 ఎందుకొచ్చిందో మా బాబాయ్‌కి వివరించే పని నాదే.